16వ గేటు వచ్చిందంటే ఆ గుర్రం పని అయిపోయినట్టేనా?

#1 · కొత్తకళ్ళెం

అందరికీ నమస్తే. ఏడాది నుంచి గుర్రప్పందేలు చూస్తున్నాను. డబ్బు పెట్టను, చూడ్డం వరకే. గుర్రం వయసు, మోసే బరువు, పాత పరుగులు, జాకీ ఎవరు, ఇవన్నీ ఇప్పుడిప్పుడే తలకెక్కుతున్నాయి. ఎక్కనిదల్లా ఈ గేటు గొడవ, అంటే రేసు మొదలయ్యేచోట వరసగా ఉండే పెట్టెల్లో ఏ గుర్రం ఎన్నో దాంట్లో నిలబడాలన్నది.

మొన్న నాకు బాగా నచ్చిన గుర్రానికి 16వ గేటు వచ్చింది. తలుపులు తెరవకముందే వ్యాఖ్యాత "డ్రా దెబ్బతీసింది" (డ్రా అంటే గేటు కోసం తీసే చీటీ) అనేశాడు. అన్నట్టే ఏడో స్థానంలో వచ్చింది. వారం తిరక్కుండా ఇంకో రేసులో చిట్టచివరి గేటు గుర్రం అలవోకగా గెలిచింది. అదే పెద్దమనిషి ఈసారి "బయట ఉండటం కలిసొచ్చింది" అన్నాడు!

నా సందేహాలు రెండు. గేటు నంబరు నిజంగా అంత పని చేస్తుందా, లేక ఓడాక చెప్పుకునే సాకా? మనుషుల పరుగుపందెంలో మలుపు ఉంటే ఒకరికంటే ఒకరిని ముందు నిలబెడతారు కదా, గుర్రాలకు ఆ న్యాయం ఎందుకు లేదు?

#2 · రెయిల్‌పక్కోడు

తమ్ముడూ, రెండోది తేలిక, ముందు అది తేల్చేద్దాం. మనుషులు 400 మీటర్లు పరిగెత్తేటప్పుడు ఎవరి గీతల మధ్య వాళ్ళే చివరిదాకా ఉండాలి. అందుకే రెండో లేన్‌ వాణ్ణి 7 మీటర్లు ముందుకు జరిపి నిలబెడతారు. గుర్రాలకు లేన్లు లేవు. తలుపులు తెరుచుకున్నాక, పక్కవాడికి అడ్డం పడకుండా ఎవరైనా లోపలి కంచె దాకా, అంటే రెయిల్ దాకా, జరగొచ్చు. అందుకని అందర్నీ ఒకే వరసలో పెట్టి, ఎవరికి ఏ గేటో చీటీ తీస్తారు. 1వ గేటు లోపలివైపు, నంబరు పెరిగేకొద్దీ బయటికి. ఉన్న న్యాయమంతా ఆ చీటీలోనే.

ఇక మొదటిది. నంబరు చూడటం మానెయ్. గేటు దగ్గర్నుంచి మొదటి మలుపు ఎంత దూరమో చూడు. మెల్‌బోర్న్ కప్ 3200 మీటర్లు, ఫ్లెమింగ్టన్ ట్రాక్ చుట్టుకొలత 2312. అంటే గుర్రాలు ఒకసారి స్టాండ్ల ముందు నుంచి దాదాపు 900 మీటర్లు తిన్నగా పరిగెత్తాకే మలుపు. ఎక్కడున్నా సర్దుకునేంత సమయం. ఇంగ్లండ్‌లో చెస్టర్ తీసుకో, ఆ దేశంలో అన్నిటికంటే పాత ట్రాక్. చుట్టు మొత్తం మైలు పైచిలుకు. ఎప్పుడు చూసినా మలుపులోనే ఉన్నట్టుంటుంది. అక్కడ 5 ఫర్లాంగుల రేసులో బయటి గేటు వచ్చిన గుర్రాన్ని ట్రైనర్ రేసు నుంచి తప్పించేసినా ఎవరూ ఆశ్చర్యపోరు.

#3 · లెక్కలపంతులు

రెయిల్‌పక్కోడు గారు చెప్పింది సరే, దానికి నా వంతు కాస్త గణితం.

అర్ధవృత్తం మలుపులో రెయిల్ నుంచి ఎన్ని మీటర్లు బయట ఉంటే, దానికి 3.14 రెట్లు అదనంగా పరిగెత్తాలి. మలుపు చిన్నదైనా పెద్దదైనా ఇంతే, వ్యాసార్ధంతో పనిలేదు. గుర్రానికీ గుర్రానికీ మధ్య ఒకటింబావు మీటరు అనుకుందాం. రెయిల్ నుంచి మూడో వరసలో తిరిగే గుర్రం రెండున్నర మీటర్లు బయట ఉన్నట్టు. అదనపు పరుగు 7.85 మీటర్లు. గుర్రం పొడవు, అంటే లెంగ్త్, సుమారు 2.4 మీటర్లు. ఒక్క మలుపుకే మూడు లెంగ్త్‌లకు పైగా పోయినట్టు. ముక్కు తేడాతో తేలే రేసుల్లో మూడు లెంగ్త్‌లంటే మాటలా!

కానీ ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. "16వ గేటు నుంచి రెయిల్ దాకా ఏటవాలుగా రావాలి, అదే పెద్ద దూరం" అనుకుంటారు. లెక్కెయ్యండి. 16వ గేటు రెయిల్‌కి 18 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. మలుపు 400 మీటర్ల దూరంలో ఉంటే, ఏటవాలుగా రావడానికి అదనంగా పరిగెత్తేది 40 సెంటీమీటర్లు. మలుపు 130 మీటర్లలోనే వచ్చినా అదనం మీటరుంబావే, సగం లెంగ్త్. అంటే ఏటవాలు దారి దూరం అసలు సమస్యే కాదు.

సమస్య మధ్యలో ఉన్న 15 గుర్రాలు. వాటి ముందు నుంచి జరగాలంటే కనీసం రెండు లెంగ్త్‌లు, అంటే 5 మీటర్లు, ముందుండాలి. ఆ 5 మీటర్లు 400 మీటర్లలో సంపాదించాలంటే మిగతావాటికంటే నూటికి ఒకటింబావు వంతు వేగం ఎక్కువుంటే చాలు. 130 మీటర్లలోనే అంటే నూటికి దాదాపు 4 వంతులు ఎక్కువుండాలి. అవతలివీ పందెపు గుర్రాలే, గాడిదలు కావు. అంత వేగం మొదట్లోనే ఖర్చుపెట్టిన గుర్రానికి చివరి 200 మీటర్లలో కాళ్ళు బరువెక్కుతాయి.

#4 · చివరిబెంచీ

మాస్టారూ, లెక్క బాగుంది. కానీ 2022లో అమెరికాలో కెంటకీ డెర్బీ చూశారా? రిచ్ స్ట్రైక్ అనే గుర్రం. 20వ గేటు, పందెం ధర 80కి 1, అంటే గెలుస్తుందని ఎవరూ అనుకోలేదు. గెలిచింది. 2008లో బిగ్ బ్రౌన్, అదీ 20వ గేటే, అదీ గెలిచింది. నూటికి ఒకటింబావు, నాలుగు అంటూ లెక్కలేస్తూ కూర్చుంటే ఈ రెండూ మీ పలకమీద ఎక్కడున్నట్టు?

#5 · రెయిల్‌పక్కోడు

బాసూ, మంచి ఉదాహరణలే ఎత్తుకొచ్చావు, కాకపోతే అవి మాస్టారు పక్షానే సాక్ష్యం చెప్తాయి.

చర్చిల్ డౌన్స్ ట్రాక్‌లో జరిగే ఆ డెర్బీ మైలుంబావు. ట్రాక్ ఒక మైలు. ఫినిష్‌కి రెండు ఫర్లాంగుల వెనక నుంచి మొదలవుతుంది. మొదటి మలుపు లోపు 400 మీటర్లకు పైనే తిన్నని పరుగు. బయటి గుర్రానికి ఊపిరి పీల్చుకునే చోటుంది.

పైగా అక్కడ ఇబ్బంది లోపలి గేటుకే. 1వ గేటు నుంచి చివరిసారి గెలిచింది 1986లో ఫెర్డినాండ్. 2వ గేటు నుంచి 1978లో అఫర్మ్‌డ్. ఎందుకంటావా? 20 గుర్రాలు ఒక్కసారిగా లోపలికి జరుగుతాయి. రెయిల్ పక్కనున్నది ఎటు పోతుంది? ఒకవైపు కంచె, ఇంకోవైపు గుర్రాల గోడ. వెనక్కి లాగాల్సిందే. లాగితే ముందున్నవాటి గిట్టల మట్టి మొహం మీద పడుతుంది, చాలా గుర్రాలకు అది గిట్టదు. 2019 దాకా అక్కడ 14 స్టాళ్ళ (స్టాల్ అంటే ఒక్కో గుర్రం నిలబడే గడి) గేటుకు 6 స్టాళ్ళ గేటు ఇంకోటి జోడించేవాళ్ళు. ఆ పొడవుకి 1వ గేటు గుర్రం తిన్నగా పరిగెత్తితే రెయిల్ మీదికే పోయేది. 2020లో 20 స్టాళ్ళ ఒకే గేటు వచ్చాక ఆ బాధ కాస్త తగ్గింది.

రిచ్ స్ట్రైక్ సంగతంటావా, దానికి మొదట చోటే లేదు. ముందురోజు ఒక గుర్రం తప్పుకుంటే లోపలికొచ్చింది, అందుకే చివరి గేటు. జాకీ సోనీ లియోన్ బయటి నుంచి ముందుకు తోలే ప్రయత్నమే చెయ్యలేదు. వెనక్కి తగ్గి, నిమ్మళంగా రెయిల్ దగ్గరికి చేరాడు. ముందున్నవాళ్ళు మొదటి పావుమైలు 21.78 సెకన్లలో పరిగెత్తారు, డెర్బీ చరిత్రలోనే అంత వేగం ఎప్పుడూ లేదు. వాళ్ళు చివర్లో చతికిలబడ్డారు, ఇది లోపలి నుంచి చొచ్చుకొచ్చింది. 20వ గేటు గుర్రం రెయిల్ పక్కనుంచి గెలిచింది. ఇంకేం కావాలి నీకు?

#6 · చివరిబెంచీ

సరే, ఒప్పుకున్నా. మరి 17వ గేటు సంగతి? డెర్బీ చరిత్రలో ఆ గేటు నుంచి ఒక్కటీ గెలవలేదు. 16 గెలిచింది, 18 గెలిచింది, 19 గెలిచింది. మధ్యలో 17కి మాత్రం ఏదో దిష్టి. మెల్‌బోర్న్ కప్‌లో అలాగే 18వ గేటు అంటారు. దీనికి మలుపు దూరం ఏం చెప్తుంది?

#7 · లెక్కలపంతులు

మలుపు దూరం ఏమీ చెప్పదు, ఎందుకంటే చెప్పడానికి అక్కడేమీ లేదు. 16కీ 18కీ మధ్యలో రెండున్నర మీటర్ల జాగాలో శాపం దాక్కుని ఉంటుందా?

ఉజ్జాయింపుగా చూద్దాం. 18 గుర్రాల రేసు, అన్నీ సమానమే అనుకుంటే, ఒక గేటు ఓడే అవకాశం 18లో 17. అలా 40 రేసుల్లో వరసగా ఓడటానికి అవకాశం నూటికి 10. ఒక్క గేటును ముందే వేలుపెట్టి చూపించి "ఇది గెలవదు" అని ఉంటే, నూటికి 10 అన్నది కాస్త ఆలోచించాల్సిన సంగతే. కానీ మీరు ముందు చూపించలేదు. ఖాళీగా ఉన్నదాన్ని వెతికి పట్టుకుని తర్వాత చూపిస్తున్నారు. బయట 15 నుంచి 20 దాకా ఆరు గేట్లున్నాయి. ఆరింటిలో ఏదో ఒకటి ఖాళీగా మిగలడానికి అవకాశం నూటికి 47. నాణెం ఎగరేసినట్టే. 17 కాకపోతే 18కి దిష్టి అనేవాళ్ళు.

గేటు లెక్కలు చూసేటప్పుడు నేను ఎన్ని గెలిచాయో చూడను. గెలుపు ఒక రేసుకి ఒక్కటే, నూరు రేసులు పోగేసినా గేటుకి ఐదారే వస్తాయి. దానికి బదులు ఒక్కో గేటు గుర్రం తనతో పరిగెత్తినవాటిలో నూటికి ఎన్నింటిని వెనక్కి నెట్టిందో చూస్తాను. ఏడో స్థానం, పన్నెండో స్థానం కూడా అప్పుడు సాక్ష్యం చెప్తాయి. ఇంకోటి, 8 గుర్రాల రేసునీ 18 గుర్రాల రేసునీ ఒక గాటన కట్టకూడదు. 8 గుర్రాల రేసులో 8వ గేటు చిట్టచివరిది, 18 గుర్రాల రేసులో అదే 8 నడిమధ్య.

#8 · జీనుమనిషి

చాన్నాళ్ళుగా చదివేసి వెళ్ళిపోతుంటా, ఈ చర్చ చూశాక రాయాలనిపించింది. పదకొండేళ్ళు గుర్రాల దగ్గర పనిచేశాను. పొద్దున కసరత్తుకు స్వారీ, రేసురోజు గేటు దగ్గర గుర్రాల్ని లోపలికి ఎక్కించే గుంపులో ఒకణ్ణి. మీరంతా తలుపులు తెరిచాక జరిగేది రాస్తున్నారు. తెరవకముందే సగం అయిపోతుంది నాయనా.

స్టాల్ ఎంత ఇరుకంటే, జాకీ మోకాళ్ళు రెండువైపులా మెత్తలకు రాసుకుంటాయి. వెనక తలుపు మూసిన చప్పుడుకి గుర్రం ఒళ్ళంతా ఒక్కసారి బిగుస్తుంది. మేం పక్కనున్న సన్నటి అంచు మీద నిలబడి, కళ్ళెం పట్టుకుని, తల తిన్నగా ఉంచుతాం. ముందు ఎక్కినదానికి రెండు నిమిషాలు ఆ పెట్టెలో నిలబడాల్సొస్తుంది. చివర ఎక్కినదానికి ఇరవై సెకన్లు. నెమ్మదైన గుర్రానికి తేడా లేదు. బెదురు గుర్రమైతే ఆ రెండు నిమిషాల్లో తొడల మధ్య చెమట నురగ కడుతుంది. రేసు అక్కడే పరిగెత్తేస్తుంది.

ఒక ఆడగుర్రం గుర్తుంది. మంచి స్టార్టరు, రెప్పపాటులో బయటపడేది. ఆరోజు 3వ గేటు. అందరూ చీటీ బాగా పడిందన్నారు. ముందే ఎక్కించాం. పక్క 4లోకి ఎక్కాల్సింది మొండికేసింది, వెనక నలుగురు చేతులు కలిపి తోస్తే గానీ రాలేదు. అంతసేపూ ఇది లోపల బరువు వెనక్కాళ్ళ మీద వేసి ఆనుకుంది. నేను దాని తల సరిచేస్తూనే ఉన్నా. సరిగ్గా గంట మోగే క్షణానికి తల నావైపు తిప్పింది. తలుపులు తెరుచుకున్నాయి, అందరూ పోయారు, ఇది ఒక్క అడుగు తడబడి బయటికొచ్చింది. మూడు లెంగ్త్‌లు పోయాయి. తప్పు నాదో దానిదో ఇప్పటికీ తెలీదు. కాగితం మీద మాత్రం ఉన్నదిదే: గేటు 3, స్థానం 9. పంతులుగారి లాంటి వాళ్ళు దాన్ని "లోపలి గేటు ఓటమి" గడిలో వేసేసి ఉంటారు.

#9 · లెక్కలపంతులు

వేస్తాను, నిజమే. నా గడుల్లో చెమట కనపడదు.

#10 · కొత్తకళ్ళెం

బాబాయ్, మీరు చెప్పింది చదువుతుంటే గుండె దడదడలాడింది. ఒక్క సందేహం. ఎవరు ముందు ఎక్కాలన్నది గేటు నంబరును బట్టే ఉంటుందా? అలా అయితే 16వ గేటుకి అదో లాభం అవ్వాలి కదా?

#11 · తూర్పుగాలి

దానికి నేను చెప్తాను, జపాన్ రేసులు తప్ప వేరేవి చూడను కాబట్టి ఎప్పుడో గానీ మాట్లాడే అవకాశం రాదు.

అక్కడ ముందు బేసి నంబర్లు ఎక్కుతాయి, తర్వాత సరి నంబర్లు, అన్నిటికంటే చివర బయటి గేటుది. అందుకే బెదురు గుర్రాలకు సరి నంబరు వస్తే వాటి మనుషులు హమ్మయ్య అనుకుంటారు. వేరే దేశాల్లో వరస వేరేగా ఉంటుంది, గొడవచేసే గుర్రాన్ని చివర ఎక్కించడానికి అనుమతి కూడా ఉంటుంది. కాబట్టి మీ 16 జపాన్‌లో చిట్టచివరిదైతే నిరీక్షణ తక్కువే.

బయటి గేటు వల్ల ఎంత అనర్థం జరగొచ్చో చెప్పే రేసు ఒకటుంది. టోక్యో ట్రాక్ మీద 2000 మీటర్లంటే గేటు ఒక మూలలోకి తోసినట్టుంటుంది, మొదటి మలుపుకు నిండా 150 మీటర్లుండదు. 1991 శరదృతువు టెన్నో షో అనే పెద్ద రేసు అక్కడే, వానకు నానిన ట్రాక్. అందరి ఆశలూ మెజిరో మెక్‌క్వీన్ అనే గుర్రం మీద. జాకీ యుటాకా టేకే. బయటివైపు గేటు. బయటే ఉండిపోతే మలుపులో దూరం పెరుగుతుందని తెలుసు, తలుపులు తెరవగానే లోపలికి వచ్చేశాడు. వచ్చాక దానికి అడ్డే లేదు, 6 లెంగ్త్‌ల తేడాతో ఫినిష్ దాటింది. కానీ లోపలికి వచ్చేటప్పుడు వెనకున్నవాటి దారి మూసుకుపోయి కొన్ని గుర్రాలు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. విచారణ జరిపి మొదటి స్థానం నుంచి 18వ స్థానానికి, అంటే చిట్టచివరికి, దించేశారు. పంతులుగారు చెప్పిన ఆ రెండు లెంగ్త్‌ల జాగా లేకుండా జరిగితే ఏమవుతుందో ఇదే.

#12 · వేదిక పెద్ద

మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. ఈ ఆదివారం ఏ గేటు మీద డబ్బు పెట్టాలి అని అడిగిన మూడు పోస్టులు తీసేశాను. ఇక్కడ చిట్కాలు లేవు, ధరలు లేవు. గుర్రాల గురించి మాట్లాడుకుందాం. జీనుమనిషి గారూ, వేదికకు స్వాగతం, ఇకనుంచి చదివేసి వెళ్ళిపోవద్దు.

#13 · చుక్కలగుర్రం

అందరూ మలుపు, మలుపు అంటున్నారు. మలుపే లేని రేసుల మాటేమిటి?

ఇంగ్లండ్‌లో ఆస్కట్ ట్రాక్ మీద రాయల్ హంట్ కప్ తిన్నని మైలు. 30 గుర్రాల దాకా పరిగెత్తుతాయి. లోపల, బయట అన్న మాటకే అర్థం లేదు. అయినా డ్రా పట్టించుకోకపోతే మునిగిపోతారు. అంత వెడల్పు ట్రాక్‌లో గుర్రాలు రెండు గుంపులుగా చీలిపోతాయి, ఒకటి స్టాండ్ల వైపు, ఒకటి అవతలి వైపు. ఏ వైపు నేల గట్టిగా ఉంది, ఏ గుంపులో జోరుగా లాగే గుర్రాలున్నాయి, ఇదీ ప్రశ్న. మీ గుర్రం తన గుంపులో మొదటొచ్చి, మొత్తం మీద ఆరోది కావొచ్చు. వీడియోలో చూస్తే రెండు వేర్వేరు రేసులు పక్కపక్కన జరుగుతున్నట్టే ఉంటుంది.

హాంకాంగ్‌ది ఇంకా చిత్రం. ఒకే క్లబ్బు, రెండు ట్రాకులు, రెండూ తలకిందులు. హ్యాపీ వ్యాలీ చుట్టు ఒకటిన్నర కిలోమీటరు లోపే, గింగిరాలు తిరిగే మలుపులు, అక్కడ చిన్న నంబరు బంగారం. షా టిన్‌లో 1000 మీటర్ల తిన్నని రేసుంది, అక్కడ పెద్ద నంబరు కోసం దేవుడికి మొక్కుకుంటారు. గుర్రాలన్నీ బయటి కంచె వైపే ఒరుగుతాయి, బయటి గేటు వచ్చినది ఉన్నచోటే ఉండి కంచె పట్టుకుంటుంది. 1వ గేటుది మొత్తం వెడల్పు దాటి రావాలి, లేదంటే ఒంటరిగా లోపల పరిగెత్తాలి. అదే 1వ నంబరు, ఒకచోట వరం, ఇంకోచోట శాపం.

ఇంకోమాట, రెయిల్ కూడా ఒకేచోట ఉండదు. రేసులు జరిగేకొద్దీ లోపలి గడ్డి గిట్టల కింద నలిగిపోతుంది. నేలకు విశ్రాంతినివ్వడానికి రెయిల్‌ని కొన్ని మీటర్లు బయటికి జరుపుతారు. జరిపినరోజు రెయిల్ పక్కనే తాజా గడ్డి, లోపలి గేట్లకు పండగ. జరపకుండా నెలరోజులు వాడి, పైన వాన పడితే రెయిల్ పక్క బురదగుంట. ఆరోజు తెలివైన జాకీలు కావాలనే బయటికి తీస్తారు. నిన్నటి గణాంకాలు ఆరోజు చిత్తుకాగితం.

#14 · రెయిల్‌పక్కోడు

అక్కా, రెయిల్ సంగతి నేను రాద్దామనుకుని మర్చిపోయా. థాంక్స్.

#15 · చివరిబెంచీ

ఇన్ని మాటలొద్దు గానీ, జాకీ గొప్పోడైతే గేటు లేదు గీటు లేదు. ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద రేసు ఆర్క్, 2015ది చూడండి. లాంగ్‌షాంప్ ట్రాక్, 2400 మీటర్లు, గోల్డెన్ హార్న్ అనే గుర్రానికి 14వ గేటు. అక్కడ బయటి గేటంటే అందరూ తల పట్టుకుంటారు. ఫ్రాంకీ డెట్టోరీ ఏం చేశాడు? లోపలికి రావడానికి కొట్లాడలేదు. గుంపుకు దూరంగా, బయట, ఒక్కడే తిన్నగా పరిగెత్తించాడు. గుర్రం హాయిగా తన ఊపులో పోయింది. అందరూ సర్దుకున్నాక నిమ్మళంగా రెండో స్థానంలోకి దించాడు. గెలిచాడు. అదీ చెయ్యి!

#16 · తూర్పుగాలి

అది డెట్టోరీ తెలివే, కాదనను. కానీ ఆ ఎత్తు ఏ గుర్రంతోనైనా పారుతుందా? బయట ఒంటరిగా పరిగెత్తేదానికి ముందు ఎవరూ ఉండరు, గాలంతా దాని రొమ్ము మీదే. కొన్ని గుర్రాలు ముందు ఎవరూ లేకపోతే పళ్ళు బిగించి లాగేస్తాయి, జాకీ చేతులు పీకేలా. అలాంటిదాన్ని 14వ గేటు నుంచి అలా వదిలితే రెండో మలుపుకే ఆవిరైపోతుంది. గోల్డెన్ హార్న్ ఆ ఏడాదే ఎప్సమ్ డెర్బీ గెలిచిన గుర్రం. రెండేళ్ళ ముందు ట్రెవ్ అనే గుర్రం కూడా 15వ గేటు నుంచి, బయట తిరుగుతూనే, ఆర్క్‌ను 5 లెంగ్త్‌లతో గెలిచింది. రెండూ చాలా గొప్ప గుర్రాలు. గొప్ప గుర్రం మూడు లెంగ్త్‌లు దానం చేసి కూడా గెలుస్తుంది. సాధారణ గుర్రం దగ్గర దానం చేసేంత ఆస్తి ఉండదు.

#17 · రెయిల్‌పక్కోడు

పై పోస్టుకి దణ్ణం. కొత్తకళ్ళెం తమ్ముడూ, నీకు కావలసింది ఇదే. గేటు ఒక్కటీ చూడకు, గుర్రం అలవాటుతో కలిపి చూడు.

మొదటినుంచీ ముందుండాలనుకునే గుర్రానికి బయటి గేటు, మలుపు దగ్గర, ఇదే అన్నిటికంటే చెడ్డది. ముందుకు పోవాలి, లోపలికి రావాలి, రెండూ ఒకేసారి. వెనక ఉండి చివర్లో దూసుకొచ్చే గుర్రానికి అదే బయటి గేటు పెద్ద నష్టం కాదు. ఎలాగూ వెనక్కి తగ్గుతుంది, తగ్గాక అందరి వెనక నుంచి లోపలికి జరగొచ్చు, అడ్డం ఎవరూ ఉండరు. ఆ గుర్రానికే 1వ గేటు వస్తే భయపడాలి. లోపల గుంపులో ఇరుక్కుని, చివరి మలుపులో దారి దొరక్క, జాకీ లేచి నిలబడి పగ్గాలు లాగుతుంటాడు. ఎన్నిసార్లు చూశామో. ఇంకో సంగతి, తనకంటే లోపల ముందుకురికే గుర్రాలు ఎన్ని ఉన్నాయన్నది. 16వ గేటులో ఉరికే గుర్రం ఉండి, లోపలివన్నీ బద్ధకస్తులైతే, 130 మీటర్లైనా చాలు. పంతులుగారి నూటికి నాలుగు అప్పుడు దానంతటదే వచ్చేస్తుంది.

#18 · చుక్కలగుర్రం

ఇదంతా నలుగురికీ తెలిసిందే కాబట్టి పందెం ధరల్లో ముందే కలిసిపోయి ఉంటుందని కూడా గుర్తుపెట్టుకోండి. పెద్దగారు కోప్పడతారని ఇక్కడితో ఆపేస్తున్నా.

#19 · కొత్తకళ్ళెం

అందరికీ వేలవేల దండాలు. నిన్న రాత్రి కూర్చుని ఆ 16వ గేటు రేసు వీడియో తొమ్మిదిసార్లు చూశాను.

రేసు 1600 మీటర్లు, ఒకటే పెద్ద మలుపు. మలుపు మొదలైన చోట ఆపి లెక్కపెట్టాను. నా గుర్రం రెయిల్ నుంచి నాలుగో వరసలో ఉంది. మలుపు మొత్తం అక్కడే ఉంది, ముందు ఎవరూ లేరు, గాలంతా దానిదే. మాస్టారి సూత్రం వేశాను. మూడు ఒకటింబావులు మూడుముప్పావు, దాన్ని 3.14తో హెచ్చిస్తే 11.8 మీటర్లు. అంటే దాదాపు 5 లెంగ్త్‌లు. అది ఓడింది 6 లెంగ్త్‌ల తేడాతో! ఒక లెంగ్త్ తప్ప లెక్క మొత్తం సరిపోయింది. రాత్రి ఒంటిగంటకు మంచం మీంచి లేచి గెంతాను.

#20 · లెక్కలపంతులు

గెంతండి, తప్పులేదు. కానీ మొదటొచ్చిన గుర్రం మలుపులో రెయిల్ పక్కనే ఉందా చూశారా? అది రెండో వరసలో ఉంటే మీ 5 లెంగ్త్‌లు మూడు పైచిలుకుకి దిగిపోతాయి. తేడా ఇద్దరి మధ్య చూడాలి, రెయిల్‌తో కాదు.

#21 · కొత్తకళ్ళెం

అయ్యో. రెండో వరసలోనే ఉంది మాస్టారూ. అంటే ఇంకో రెండున్నర, మూడు లెంగ్త్‌లకు లెక్క తేలలేదు.

#22 · జీనుమనిషి

బాబూ, మలుపు దగ్గర కాదు, మొదటి సెకను దగ్గర ఆపి చూడు. తలుపులు తెరుచుకునే క్షణంలో దాని తల ఎటుంది?

#23 · కొత్తకళ్ళెం

ఆగండి బాబాయ్, చూసొస్తా.

#24 · కొత్తకళ్ళెం

చూశాను. ఒక్కో ఫ్రేమూ కదుపుతూ చూశాను. తల ఎడమకు తిరిగి ఉంది. 15వ గేటులోది లోపల వెనక్కి తన్నుతోంది, దాని మనిషి అంచు మీంచి దాదాపు జారాడు. మనది చెవులు రిక్కించి దాన్నే చూస్తోంది. అప్పుడే తలుపులు తెరిచారు.